సోలాపూర్‌లో కండె చెప్పిన చోటు

చలి మొదలవగానే అటక మీంచి దిగే దుప్పటి పేరు సోలాపూర్. మా రాజమండ్రి ఇంట్లో దాని సంగతి అంతవరకే. అది ఒక ఊరని, అక్కడ పేటలకు పేటలు తెలుగువాళ్ళున్నారని, వాళ్ళు పోరి పోరి అన్నం పెడతారని మొన్న వెళ్ళొచ్చేదాకా నాకు తెలియదు. తిరిగొచ్చి వారమైంది. కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్తూనే ఉన్నాను, ఇంకా తనివి తీరక ఇలా రాస్తున్నాను.

నేను ఆడవాళ్ళకి స్కూటీ నేర్పి బతుకుతాను. మా గ్రౌండులో బండి నడపడం కంటే ముందు ఎవరు ఎక్కాలన్నదే పెద్ద తద్దినం. "నేను ముందొచ్చాను", "నాకు ఆఫీసుకి టైమైంది", "ఆవిడకి రోజూ ముందేనా?" అని రోజూ ఒక పంచాయితీ. అలాంటి ఒక పంచాయితీ తీర్చి విసిగి కూర్చున్న రోజు ఫోన్లో ఒక వీడియో కనబడింది. ఒక అమ్మాయి బైకు మీద కూర్చుని, "పోయినసారి నాకు అన్నింటికంటె ఎనక చోటు పడ్డది, ఈసారి సూద్దాం" అంటోంది. తెలుగే. కింద ఊరి పేరు సోలాపూర్ అని ఉంది.

బైకు పందేల మీద నాకేమీ మోజు లేదు. కానీ బళ్ళన్నీ బారులు తీరేటప్పుడు ముందు గీత మీద ఎవరుండాలో ఎవరు చెప్తారు? ఆ అమ్మాయినే అడిగాను. ఆమె పేరు సంగీత. "చెప్తె సమజ్ కాదు మేడం, పందెం ఉన్నది, వచ్చి సూడున్రి" అని జవాబిచ్చింది. మాటవరసకి అని ఉంటుంది పాపం. నేను టికెట్ కొనేశాను.

స్టేషన్ బయట

రైల్లో రాత్రంతా ఒక హిందీ వాక్యం బట్టీ పట్టాను, ఆటో అతన్ని గట్టిగా అడగాలని. దిగి, గొంతు సవరించుకుని ఆ వాక్యం మొదలుపెట్టానో లేదో అతను నా సంచి అందుకుని, "ఏడికి పోవాలె అక్కా?" అన్నాడు. నా వాక్యం నోట్లోనే ఉండిపోయింది.

"నీలం నగర్ వెళ్ళాలండి. ఎంత తీసుకుంటారు?" అన్నాను.

అతను వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "మీరు టీవీ సీరియల్‌ల మాట్లాడినట్టు మాట్లాడ్తున్రు. అండి గిండి ఎందుకు? కూసోన్రి."

వాళ్ళ తాత కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పనికి వచ్చాడట. అతను మాత్రం ఒక్కసారి కూడా ఆ ఊరు చూడలేదు. కానీ ఆ ఊరి మాట అతని నోట్లో చెక్కు చెదరకుండా ఉంది. మధ్య మధ్య మరాఠీ దూరుతోంది, ట్రాఫిక్ పోలీసు కనబడితే హిందీ దూరుతోంది, నాతో మాట మళ్ళీ తెలుగే. నూట ఇరవై అడిగాడు. మా ఊళ్ళో అయితే బేరమాడేదాన్ని. నన్ను సీరియల్ మనిషినన్నాడు కదా, సిగ్గేసి ఊరుకున్నాను.

నీలం నగర్‌లో గట్టి రొట్టె

సంగీత వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఆమె తువ్వాళ్ళకి అంచులు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. తండ్రి రాజేశం దాజీ పేట్‌లో పవర్‌లూమ్ నడుపుతాడు. ఏళ్ళ తరబడి ఆ మోతలో ఉండి చెవులు మందగించాయి, అందుకని ఇంట్లో కూడా కేకలేస్తూ మాట్లాడతాడు. మొదట నన్ను తిడుతున్నాడేమో అనుకున్నాను. ఆయన అంటున్నది, "కాళ్ళు కడుక్కోన్రి, తినున్రి!" అని.

తల్లి అంబక్క గుమ్మంలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పొద్దున బీడీలు, మధ్యాహ్నం నుంచి పక్కింటి మగ్గానికి కండెలు చుట్టడం ఆమె పని. కండె అంటే తెలుసుగా, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి నూలు చుట్టిన చిన్న గొట్టం. నేను ముచ్చటపడి చాట మీదకి వంగి చూశాను. పొగాకు ఘాటు ముక్కులోకి పోయి తుమ్ములు పట్టుకున్నాయి. కళ్ళమ్మట నీళ్ళు, ఆగని తుమ్ములు. వచ్చీ రాగానే ఆ ఇంటి వాళ్ళందరినీ కడుపుబ్బ నవ్వించాను. అప్పటితో నేను మేడం కాకుండా పోయాను. అంబక్కకి చెల్లెల్ని, సంగీతకి చిన్నమ్మని. రాజేశాన్ని నేను "బావగారూ" అంటే ఆ "గారు" వినడానికి పక్కింటి పిల్లలు కూడా వచ్చారు.

భోజనంలో జొన్న రొట్టె, షేంగా చట్నీ. షేంగా అంటే పల్లీలు. వేయించి, కారం వెల్లుల్లి వేసి రోట్లో దంచుతారు. నూనె పైకి తేలి ఎర్రగా ఉంటుంది. దాంట్లో పెరుగు కలుపుకుంటే నాకు మా గోదావరి ఆవకాయ కూడా గుర్తు రాలేదు, మా అమ్మ ఇది చదవకూడదు. రొట్టెల్లో రెండు రకాలు పెట్టారు. మెత్తనిది ఒకటి, నెలల తరబడి నిలవుండే గట్టిది ఒకటి. నేను గట్టిదాన్ని అప్పడమనుకుని పంటితో కటుక్కుమనిపించాను.

"అట్ల కాదు చెల్లె, పల్లు పోతది! పులుసుల నానెయ్యాలె," అంది అంబక్క. అప్పటికే ఆలస్యమైంది. ఇప్పటికీ ఎడమవైపు నమలడం లేదు.

అశోక్ చౌక్ గ్యారేజీ

సాయంత్రం సంగీత నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని అశోక్ చౌక్ తీసుకెళ్ళింది. అంత రద్దీలో అంత నింపాదిగా నడిపే మనిషిని చూసి నేర్పేదాన్నయిన నేనే నోరు మూసుకుని కూర్చున్నాను. అక్కడ గోవర్ధన్ అనే ఆయన గ్యారేజీ ఉంది. అందరూ మాస్టర్ అంటారు. పేటలో బండి పిచ్చి ఉన్నవాళ్ళందరినీ కూడేసి ఈ పందేలు పెట్టేది ఆయనే. వాళ్ళ గుంపుని మండళ్ అంటారు. ఊరి బయట మూతపడిన నూలు మిల్లు ఒకటుంది. దాని ఆవరణలో సిమెంటు రోడ్లు. మిల్లు యజమాని అనుమతి తీసుకుని, అంబులెన్సు పిలిపించి, హెల్మెట్లూ తోలు జాకెట్లూ ఉన్నవాళ్ళనే దింపుతారు.

నా ప్రశ్న అడిగాను. మాస్టర్ టీ చెప్పి, స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కనబడ్డాడు.

"పెద్ద ట్రాక్‌ల మీద అయితే ముందురోజు ఒక్కొక్కరిని తిప్పి టైం తీస్తరు. ఎవరు జల్ది వస్తె ఆయన ముందు గీత. మేము గూడ చేసినం. ఫోన్‌ల టైం పట్టినం. ఒకని ఫోన్ ఒక మాట చెప్తది, ఇంకొకని ఫోన్ ఇంకో మాట. కొట్టుకున్నరు."

"తర్వాత?"

"ఎవరు ముందు పేరిస్తె ఆయన ముందు అని పెట్టినం. రాత్రి డ్యూటీ చేసినోళ్ళు పండుకొని లేచేసరికి పేర్లు నిండినయ్. వాళ్ళ తప్పేంది? పోయిన పందెంల గెల్చినోనికి ముందు చోటు ఇచ్చినం. అట్లయితె గెల్చినోడే గెలుస్తడు, కొత్తోడు ఎన్నడు ముందుకొస్తడు? చిట్టీలు రాసినం. చిట్టీ మడత పెట్టిన్రు, మూల చింపిన్రు అని లొల్లి. ఇగ ఆఖరికి మా పనిలకెల్లే దారి దొరికింది."

ఆ దారి కండె. తొమ్మిదిమంది ఉంటే తొమ్మిది కండెలు. ఒక పోగుకి ఒక ముడి, ఇంకో పోగుకి రెండు, అలా తొమ్మిది దాకా ముడులు వేసి మాస్టర్ తన చేత్తో చుడతాడు. పైకి అన్నీ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. ఏ కండె ఏదో ఆయన గుర్తుపడతాడన్న అనుమానం కూడా ఉండకూడదు కదా, అందుకని ఆ బుట్ట పందెం ముందు రోజు ఇంకో ఇంటికి చేరుతుంది. ఆ ఇల్లు వంతుల వారీగా మారుతుంది. ఆ ఇంటి వాళ్ళు కండెల్ని కలగలుపుతారు. పొద్దున అందరి ముందూ ఎవరి కండె వాళ్ళు తీసి, పోగు లాగి, ముడులు లెక్క చెప్పాలి. ఎన్ని ముడులుంటే అన్నో చోటు.

"చోటు మంచిది పడకపోతె ఎవర్ని తిట్టాలె? ఎవర్నీ లేదు. పోయి బండి మంచిగ నడుపు," అన్నాడు మాస్టర్.

మిల్లు రోడ్డు ఇరుకు. ముందున్న బండిని దాటడం కష్టం. అందువల్ల చోటు దాదాపు సగం పందెం. ఈసారి సంగీతకి అది మరీ ముఖ్యం. కొత్తవాళ్ళ పందెంలో ఎవరైనా రెండుసార్లే దిగాలి. ఆమెకిది రెండోసారి. తర్వాత పెద్ద బళ్ళ గుంపులోకి వెళ్ళాలి, పెద్ద బండి కొనే స్తోమత వాళ్ళకి లేదు. ఈ పందెం గెలిచిన ఒక్కరిని మాత్రం మండళ్ వాళ్ళు తమ ఖర్చుతో చెన్నై దగ్గర పెద్ద ట్రాక్‌కి శిక్షణకి పంపుతారు. అక్కడ బండి వాళ్ళే ఇస్తారు.

"పోతె అదే పోవుడు చిన్నమ్మా. లేకపోతె అంచులు కుట్టుకుంట కూసుంట," అంది సంగీత, నవ్వుతూనే.

దాజీ పేట్

మర్నాడు పొద్దున రాజేశం బావగారు తన పని చోటు చూపించారు. దాజీ పేట్ సందుల్లో నడుస్తుంటే కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతుంది. ప్రతి గోడ వెనకా మగ్గాలే. లోపల ఆయన ఏదో చెప్తున్నాడు, నాకు పెదాలే కనిపిస్తున్నాయి. ఆయనకి మాత్రం నేను చెప్పేవన్నీ అర్థమవుతున్నాయి. చెవులతో కాదు, అక్కడ అందరూ పెదాలు చూసే మాట వింటారు.

కండెలు చుట్టే గదిలో సరోజక్క పరిచయమైంది. మనిషి కలుపుగోలు. తన టిఫిను డబ్బా విప్పి సగం నా చేతిలో పెట్టేసింది. నేను ఆ ముందురోజే బజారులో కొన్న దుప్పటి గొప్పగా చూపించాను. ఆమె నా వైపే చూసి మాట్లాడుతూ, దుప్పటి మీద వేళ్ళు పోనిచ్చి, "ఈడ పోగు తెగింది, ఈడ అతికిన్రు, ఈడ గూడ," అని మూడు చోట్ల చూపించింది. నాకు కంటికి ఆనలేదు. ఆరువందలిచ్చానంటే అక్కడున్న వాళ్ళందరూ ఒకేసారి నాలుక్కరుచుకున్నారు. పేటలోనే కొంటే అందులో సగం కూడా అయ్యేది కాదట.

"నా కొడుకు గూడ రేపు ఉన్నడు పందెంల. ఓంకార్. సంగీత, వాడు ఒక్కటే బడి," అంది సరోజక్క. ఆ కుర్రాడికీ ఇది ఆఖరి అవకాశమేనట.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అంబక్క రాట్నం ముందు కూర్చుంది. నేను పక్కన చతికిలబడి మా ఊరి కబుర్లన్నీ విప్పాను. నా దగ్గర స్కూటీ నేర్చుకున్న ఒకావిడ బ్రేకు బదులు హారను నొక్కి కొబ్బరికాయల కొట్లోకి దూసుకెళ్ళిన కథ చెప్తుంటే ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే చేతులు పని చేస్తున్నాయి. పక్కన ఇంకో బుట్టలో రెండు కండెల కొసలు ఊడి వేలాడుతుంటే, అవి తీసి రాట్నానికి తగిలించి, మధ్య మధ్యలో ఆగి ఏదో తెంపి, అతికి, మళ్ళీ బిగువుగా చుట్టి బుట్టలో పడేసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఎంత నేర్పరి చేతులు అనుకున్నాను.

మిల్లు రోడ్డు

ఆదివారం పొద్దున మిల్లు ఆవరణ తిరనాళ్ళలా ఉంది. మలుపుల్లో బళ్ళు గోడకి కొట్టుకోకుండా నూలు వ్యర్థం కుక్కిన పెద్ద పెద్ద మూటలు పేర్చారు. వడాపావ్ బండి ఒకటి, చెరుకు రసం బండి ఒకటి. రోడ్డు మీద సున్నంతో గీతలు గీశారు, వరసకి మూడు చోట్లు, మూడు వరసలు.

బుట్ట వచ్చింది. ఒక్కొక్కళ్ళే కండె తీసి, చెయ్యెత్తి పోగు లాగుతున్నారు. జనం గట్టిగా ముడులు లెక్కపెడుతున్నారు. ఒకడికి నాలుగు. ఒకడికి ఏడు, అతని స్నేహితులు తల పట్టుకున్నారు. ఒకడికి రెండు, ఈలలు. నాకు భలే సరదాగా ఉంది. మా గ్రౌండులో కూడా ఇది పెట్టాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఓంకార్ వంతు వచ్చింది. లాగాడు, లాగాడు. పోగు మొత్తం వచ్చేసింది. ముడి లేదు.

"సరిగ్గ సూడురా," అన్నాడు మాస్టర్. మళ్ళీ చూశారు. లేదు. చివరి కండె సంగీతది. ఆమె పోగు కూడా నున్నగా వచ్చింది. ఒక్క ముడి లేదు.

మిగతా ఏడుగురికీ రెండు నుంచి ఎనిమిది దాకా పడ్డాయి. అంటే మిగిలినవి మొదటి చోటు, ఆఖరి చోటు. వాటిల్లో ఏది ఎవరిదో చెప్పే ముడులు లేవు.

"బుట్ట ఎవరింట్ల ఉండె?" అన్నారెవరో.

ఈసారి వంతు సంగీత వాళ్ళింటిది. అందరి తలలూ అంబక్క వైపు తిరిగాయి. నాకు అప్పుడు తట్టింది. నిన్న వేలాడిన ఆ రెండు కండెలు! సంగీత పందెం బుట్ట తెచ్చి తల్లి పని బుట్ట పక్కన పెట్టేసి, ఆ సంగతి చెప్పకుండా బండి దగ్గరికి పరిగెత్తింది. పోగులో ముడి తగిలితే తీసేసి, కనపడకుండా అతకడం అంబక్క చేతులకి పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. నా కొబ్బరికాయల కథకి నవ్వుతూ ఆ చేతులు తమ పని తాము చేసేశాయి. నేను ముందుకొచ్చి ఇదంతా చెప్పాను. నా సీరియల్ తెలుగు విని కొందరు నవ్వారు గానీ, వెనక నుంచి ఒక గొంతు, "బిడ్డ కోసం చేసి ఉంటది," అంది. ఆ మాట అంబక్క విన్నది. ఆమె మొహం చూడలేకపోయాను.

మాస్టర్‌కి దారి తోచింది. "ముడి తీసిన కాడల్లా అతుకు ఉంటది కద. ఒక ముడి ఉన్న పోగుకు ఒక్కటే అతుకు, తొమ్మిది ఉన్నదానికి తొమ్మిది. అంబక్కా, నువ్వే వేళ్ళతోని సూసి చెప్పు."

అంబక్క రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నన్ను అడగకున్రి. నేను తల్లిని. నా వేళ్ళు నా బిడ్డ దిక్కే ఒర్గుతయ్. నేను ఖరా, ఉన్నది ఉన్నట్టే చెప్పినా మీకు అనుమానం పోదు."

అంత సన్నపు అతుకు వేళ్ళతో పట్టగలిగేది అక్కడ ఇంక సరోజక్క ఒక్కతే, ఆవిడా తల్లే. కండెలు మళ్ళీ తీద్దామంటే రెండు, మూడు పడ్డవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ తప్పేముంది? నాణెం ఎగరేద్దామని మాస్టర్ జేబులో చెయ్యి పెట్టాడు. సంగీత ఆయన్ని ఆపింది.

"నాణెంల నేను గెల్చిన అనుకో, రేపు పేటల మా అమ్మను ఏమంటరు? నేను ఎనక నిలవడ్త. బస్."

హెల్మెట్ పెట్టుకుని బండి తోసుకుంటూ ఆఖరి గీత మీదకి వెళ్ళిపోయింది. ఓంకార్ ఏదో అనబోయాడు. వాళ్ళమ్మ సరోజక్క అతని పోగు చేతిలోకి తీసుకుని వేలికి చుట్టుకుంటూ, పక్కకి చూస్తూ నిలబడింది.

వెనక గీత నుంచి

పందెం గురించి ఎక్కువ చెప్పలేను, సగం సేపు నేను మూటల వెనక దాక్కున్నాను. చూసినంత వరకు చెప్తాను. సంగీత తొందరపడలేదు. దాటే చోటు లేనప్పుడు ముందు బండి వెనకే ఓపిగ్గా ఉంది. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ఎదుటివాడు వెడల్పుగా పోతే ఆ సందులో దూరింది. అలా ఒక్కొక్కళ్ళనే దాటింది. రాజేశం బావగారు పక్కన కేకలేస్తున్నారు, "జర ఆగు! జర ఆగు!" అని. అంత గట్టిగా అరిచినా కూతురికి వినపడదన్న సంగతి ఆయనకి గుర్తు లేదు.

ఆఖరికి మూడోదిగా వచ్చింది. ఓంకార్ మొదటి చోటు నుంచి బయల్దేరి మొదటే వచ్చాడు. చప్పట్లు కొట్టారు, దండ వేశారు. సంగీత వెళ్ళి అతనితో చేతులు కలిపింది. బండి స్టాండు వేసి, తల్లి దగ్గరికొచ్చి కూర్చుంది. అంబక్క కూతురి జుట్టు సవరించింది. నేను వెళ్ళి మూడు వడాపావ్‌లు కొనుక్కొచ్చాను. నాకింకేం చెయ్యాలో తెలియలేదు. ముగ్గురం తిన్నాం, కారానికి కళ్ళు తుడుచుకున్నాం. ముగ్గురికీ తెలుసు, అది కారం వల్ల కాదని.

సరోజక్క వచ్చింది

సాయంత్రం దీపం పెట్టే వేళకి గుమ్మంలో సరోజక్క కనబడింది. వెనక ఓంకార్, దండ లేదు. ఆమె లోపలికి రాలేదు. కొంగు ముడి విప్పి, పొద్దున వేలికి చుట్టుకున్న పోగు తీసి, అంబక్క ఎదురుగా నేల మీద పెట్టింది.

"సూడు అంబా. ఆడికాడికి అతుకే ఉన్నది. నేను పొద్దుగాలనే సూసిన. వేళ్ళ మధ్యకు రాంగనే ఎరుకైంది, ఎనక చోటు నా కొడుకుదే అని. నోరు తెర్వ బుద్ధి కాలే. నీ బిడ్డ ఎనకకు పోతుంటె సూసుకుంట నిలవడ్డ."

రాజేశం బావగారు ఏమైందని కేకేసి అడిగారు. ఓంకార్ ఆయన ఎదురుగా వంగి, పెదాలు కనబడేలా నెమ్మదిగా చెప్పాడు. ఆ కుర్రాడి మర్యాద నాకు భలే నచ్చింది.

అంబక్క లేచి సరోజక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "నీ జాగల నేనుంటె ఏం చేస్తుంటినో నాకే తెల్వదు. అందుకే గద నేను ముట్టుకోలే. కూసో. చాయ్ తాగు."

"చెన్నైకి సంగీతనే పోవాలె," అన్నాడు ఓంకార్. "మాస్టర్‌కు చెప్పొచ్చిన."

సంగీత ఒప్పుకోలేదు. "నువ్వు గెల్చినవ్. నేను ఎనకకు నాకు నేనే పోయిన. దానంగ ఇస్తె నాకొద్దు."

ఇద్దరూ పట్టుదల మనుషులు. చాయ్ చల్లారిపోయింది. చివరికి ఒక మాట మీదకి వచ్చారు. మూటలు ఇంకా తియ్యలేదు, పొద్దున్నే ఇద్దరే పరిగెత్తుతారు. ఎవరు ముందొస్తే వాళ్ళు వెళ్తారు. ఫోన్లో అడిగితే మాస్టర్ సరేనన్నాడు. అంబులెన్సు లేందే దింపనని మాత్రం ఖచ్చితంగా చెప్పాడు.

ఒకటే గీత

మర్నాడు మధ్యాహ్నం నా రైలు. సంచి సర్దుకునే మిల్లు దగ్గరికి వెళ్ళాను. జనం లేరు. వడాపావ్ బండి లేదు. మాస్టర్ నిన్నటి గీతలన్నీ చెరిపేసి, రోడ్డుకి అడ్డంగా ఒక్క గీత గీశాడు. ఈసారి ముందూ వెనకా లేవు, ఇద్దరూ పక్కపక్కనే. అయినా ఒక తేడా మిగిలే ఉంది. మొదటి మలుపుకి లోపలి పక్కనున్న వాళ్ళకి దారి దగ్గర.

"నేను బయటి పక్క నిలవడ్త," అన్నాడు ఓంకార్. సంగీత అతని వైపు చూసి తలూపింది. ఆ మర్యాదని మాత్రం కాదనలేదు.

జెండా ఎవరు ఊపాలన్న ప్రశ్న వచ్చింది. మాస్టర్ నా చేతిలో తువ్వాలు పెట్టాడు. "నువ్వు ఎవరి దిక్కూ కావు చెల్లె. నువ్వే ఊపు."

నేను నూటికి నూరుపాళ్ళూ సంగీత దిక్కే. ఆ సంగతి దేవుడికి తెలుసు, నాకు తెలుసు. అయినా ఎక్కడి నుంచో ఊడిపడి, నాలుగు రోజులు వాళ్ళ అన్నం తిన్న నన్ను పిలిచి అంత నమ్మకం చేతిలో పెట్టారు. నా జీవితంలో ఇంత గౌరవం నాకెవరూ ఇవ్వలేదు. తువ్వాలు తిన్నగా పైకెత్తి, తిన్నగా దించాను.

మూడు చుట్లు. మొదటి చుట్టులో ఓంకార్ బయటి నుంచే ముందుకెళ్ళిపోయాడు. రెండో చుట్టులో కూడా అతనే ముందు. సంగీత నిన్నటిలాగే వెనకే ఓపిగ్గా ఉంది. మూడో చుట్టులో నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపులో ఇద్దరూ ఒకేసారి మాయమై, ఇవతలికొచ్చేసరికి ఎర్ర హెల్మెట్ ముందుంది. అది సంగీతది. బండి పొడుగు తేడాతో గీత దాటింది. నేను గెంతిన గెంతుకి చెప్పు తెగింది.

వెనక్కి తిరిగితే అంబక్క, సరోజక్క ఒక మూట మీద పక్కపక్కనే, చేతులు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. మూడు చుట్లలో ఒక్కటీ చూడలేదు. ఇంజన్లు ఆగిన చప్పుడు విన్నారు గానీ కళ్ళు తెరిచే ధైర్యం ఇద్దరికీ లేదు.

"ఎవరొచ్చిండ్రు? చెప్పు చెల్లె," అంది సరోజక్క.

"సంగీత," అన్నాను.

అంబక్క అలాగే కళ్ళు మూసుకుని ఏడవడం మొదలుపెట్టింది. సరోజక్క ముందుగా కళ్ళు తెరిచి, గీత అవతల సంగీతతో ఏదో చెప్తూ నవ్వుతున్న కొడుకుని చూసింది. అంబక్క భుజం మీద తల వాల్చింది.

"బతికిన," అంది. "ఇయ్యాల నాకు నిద్రపడ్తది."